కాలర్‌కి రెండు వేళ్ళ వదులు

జూన్ 4
కాలర్ గుండీ పట్టలేదు. చొక్కా కుంచించుకుందనుకున్నాను. నలభై ఏళ్ళు దర్జీపని చేసినవాడికి అనుమానం గుడ్డ మీదే వస్తుంది, మెడ మీద రాదు. గుండీ కాస్త జరిపి కుట్టుకున్నాను.

జూన్ 26
మళ్ళీ జరిపాను. ఎడమ చెవి కింద నిమ్మకాయంత గడ్డ. నొప్పి లేదు. నొప్పిలేని దాన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఏమని పరిచయం చేయను?

మెడలంటే గుర్తొచ్చింది. ఒక ఆఫీసరుగారికి ప్రమోషన్ వచ్చినప్పుడల్లా మెడ అరంగుళం పెరిగేది. రిటైరయ్యాక తగ్గింది. ఆయన చొక్కాలన్నీ నేనే చిన్నవి చేసి పెట్టాను, పాపం. టేపుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు దూర్చి కొలుస్తాం, ఊపిరాడాలి కదా. అన్ని మెడలు ముట్టుకున్నాను. మా ఆవిడ పోయాక నా మెడ ముట్టుకున్నవాళ్ళు లేరు.

ఏం చెబుతున్నాను? ఆ, గుండీ.

జూలై 17
మూడోసారి. ఇక జరపడానికి గుడ్డ లేదు.

జూలై 19
డాక్టరమ్మ చిన్నపిల్ల. ఎన్నాళ్ళయిందంటే పది రోజులన్నాను. కాలర్ తిప్పి చూసి, ఈ గుండీ మూడు చోట్ల కాపురం చేసినట్టుంది తాతగారూ, పది రోజుల్లోనేనా అంది. కుట్టు విప్పినా సూది గుర్తులు పోవు మరి.

తర్వాత మెడంతా తడిమింది. చల్లటి వేళ్ళు. కాసేపు ఆమె ఏమడిగిందో వినిపించలేదు.

జూలై 27
టీబీ. మెడ గడ్డలకి కూడా వస్తుందట. నేను దగ్గు టీబీ గురించే చదివాను. నా చదువంతా చొక్కా కటింగ్ గీసి కత్తిరించుకున్న పాత పేపర్లలోది, చంకల దగ్గర కంతలుంటాయి.

ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, ఎవరికీ అంటదు అంది డాక్టరమ్మ. ఆరు నెలలు మాత్రలు. షుగర్ కూడా బయటపడింది. గడ్డ పెద్దది, మెత్తబడింది, ఆలస్యంగా వచ్చారు, పైగా షుగర్, ఇది పగిలితే ఓ పట్టాన మానని పుండవుతుంది అని వేళ్ళు మడిచి చెప్పింది. పిసకొద్దు, కాపడం పెట్టొద్దు, ఎవరిచేతా కోయించొద్దు, మాత్ర మానొద్దు.

సాయంత్రం చెల్లెలు ఫోన్‌లో వస్తానంది. వద్దు, అంటుకుంటుంది అన్నాను. అబద్ధం. వచ్చిన మనిషి వెళ్ళాక ఈ గది ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆగస్టు 30
గడ్డ ఇంకా పెరిగింది. చర్మం ఎర్రబడి, పాత లైనింగ్ గుడ్డలా పలచబడింది. మాత్రలు దండగ. నిన్నా ఇవాళా వేసుకోలేదు. అడిగేవాళ్ళెవరు?

సెప్టెంబర్ 1
అడిగే మనిషి చెప్పాపెట్టకుండా దిగింది. అంటుకునేదైతే నీ మొండితనం నాకు చిన్నప్పుడే అంటుకునేది అన్నయ్యా అంది గుమ్మంలోనే. మిషన్ మీది మాత్రల అట్ట చూసింది. సంచీ కింద పెట్టకుండానే నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

మందు పనిచేస్తున్నా ఒక్కోసారి గడ్డ ముందు పెరిగి, తర్వాతే తగ్గుతుందట. మానేస్తేనే ముప్పట. డాక్టరమ్మ పక్కనున్న మంచి చర్మంలోంచి సూది పెట్టి చీము లాగింది. కదలకు, చంటిపిల్లాడిలా ఏంటది అని చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

నేను అసలు కదలనే లేదు.

డిసెంబర్ 12
పుండు పడలేదు. చెల్లెలు ఇంకా వెళ్ళలేదు. ఇవాళ టేపు తీసి నా మెడ కొలిచింది. మధ్యలో రెండు వేళ్ళు పెట్టాలని ఎప్పుడు చూసి నేర్చుకుందో. పదిహేనున్నర, నా పాత కొలత.

కొలత తప్పు, మళ్ళీ చూడు అన్నాను.