నీ కొత్తింట్లో కాపురం

మేనల్లుడు శాంతిరాజ్‌కు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం నీ భార్య రాజకుమారి చేతికే ఇచ్చి, నువ్వు డ్యూటీ చేసే గోలేటికి బస్సు ఎక్కిస్తున్నాను.

మన ఊరు బొగ్గు గనిలోకి పోతున్నది, కొత్త ఇళ్లు కట్టవద్దని కలెక్టరు ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాతే నువ్వు నష్టపరిహారం కోసం ఇల్లు లేపావు. ఇలాంటి ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి గానీ, అందం నీదానిదే. నీలం రంగు, గోడకు పాత క్యాలెండరు, గోడలో మాత్రం ఇసుకే. నా పెళ్లికి అద్దెకు తెచ్చిన కోటు గుర్తొచ్చింది. చెయ్యి ఎత్తితే చంక చిరిగేది. సరే, ఆ కథ తర్వాత.

సర్వేవాళ్లకు కాపురం కనపడాలని రాజకుమారిని ఇందులో ఉంచి డ్యూటీకి పోయావు. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ అయితే గోడలు ఊగుతున్నాయి. నిన్న పొయ్యి వెనక పగులులో నా చెయ్యి పట్టింది.

"బయటికి రా బిడ్డా" అని ఇవాళ పొద్దున అన్నాను.

"ఆయన కదలొద్దన్నడు మామా. సర్వేవాళ్లు ఎప్పుడొస్తరో ఏమో."

ఆమె ఒట్టి మనిషి కాదని నీకూ తెలుసు.

"అయితే నేను కూసుంట. నువ్వు నడువు" అన్నాను.

ఆమె బట్టలు సర్దుకుంటోంది. నేను గనిలో పనిచేసినప్పుడు పెట్టుకున్న పాత ఇనుప టోపీ వెతికి తెచ్చుకున్నాను. ఇవాళ్టి బ్లాస్టింగుకు నీ ఇంట్లో కాపురం ఉండేది నేనే. నువ్వొచ్చి తాళం వేసేదాకా లేవను. రేపటికి ఇక్కడ ఎవరు కూర్చోవాలో నువ్వే చెప్పు.

మీ మామ