కడిగి నింపిన సీసా

నాకు డెబ్బై మూడేళ్లు. మోకాళ్లు మొరాయిస్తున్నా బుర్ర మాత్రం పాదరసం. ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, పూర్తి తెలివితో, నా స్వార్జితం గురించి రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి రెండూ చెల్లవు. దీన్ని అమలు చేసే బాధ్యత మా ప్లీడరుది.

1. ఇల్లు, అందులోని సామాను నా భార్యకు, ఆమె తదనంతరం మా అబ్బాయికి చెందాలి. నా పడక్కుర్చీ కూడా ఆమెకే. ఎప్పట్నుంచో దానిమీదే ఆమె కన్ను.

2. వీధిలో ముప్పై రెండిళ్లకు నీళ్లిచ్చే బోరు, మోటారు, ట్యాంకు, పైపులు, అవి ఉన్న స్థలం సర్వహక్కులతో మా చెల్లెలికి. ఇక్కడ అబ్బాయి ఎగిరిపడతాడు. పడనీ. "నీళ్లు తేటగానే ఉన్నాయిగా నాన్నా, ఇంకా పరీక్షలెందుకు?" అన్నవాడికి బోరు ఇవ్వను. ఆ మాట వాడు నేర్చుకున్నది నా దగ్గరేనని ఒప్పుకుంటున్నాను.

3. కారణం రాయకపోతే చెల్లెలు నన్ను బుట్టలో వేసుకుందంటారు. ఆమెది వీధి చివరి ఇల్లు. అక్కడికి పైపు మురుగుకాలువ పక్కనుంచే వెళ్లేది. ఏడేళ్ల కిందట నా మేనకోడలు కామెర్లతో నెల్లాళ్లు మంచం పట్టింది. "అన్నయ్యా, నీ ట్యాంకు నీళ్లు కాదు, మా కుళాయి నీళ్లు పరీక్షకి పంపు" అని చెల్లెలు నెత్తీనోరూ కొట్టుకుంది. నేను వినకపోతే నీళ్ల తనిఖీ ఆఫీసులో అర్జీ పెట్టింది. నేను పాత రిపోర్టులన్నీ వాళ్ల ముందు పరిచి, క్రిమి అన్నదే లేదని నెగ్గుకొచ్చాను. ఆనాటినుంచి నేను ఆమె గడప తొక్కలేదు.

4. ఆ రిపోర్టులు తప్పు. ల్యాబువాళ్లిచ్చే సీసా అడుగున చిటికెడు తెల్లపొడి ఉంటుంది. నేనది మురికనుకుని ప్రతిసారీ మూడుసార్లు కడిగి మరీ ట్యాంకు దగ్గర నింపాను. శుభ్రత నా తరవాతే ఎవరికైనా అనుకునేవాణ్ణి. ఆ పొడి, క్రిములు చావాలని నేను ట్యాంకులో కలిపే క్లోరిన్‌ను విరవడానికట. అది లేకపోతే ల్యాబుకు చేరేలోగా క్రిములన్నీ సీసాలోనే చస్తాయి. నిరుడు ల్యాబు అమ్మాయి స్వయంగా వచ్చి చివరి కుళాయి దగ్గర సీసా పట్టింది. క్రిములు బయటపడ్డాయి. పైపు మొత్తం మార్పించాను, కానీ వీధిలో మాత్రం "పాతబడిపోయింది" అని చెప్పాను.

5. చెల్లెలికి షరతు: మూడు నెలలకోసారి చివరి కుళాయి నీళ్లు పరీక్షకు పంపాలి. రిపోర్టు మంచిదైనా చెడ్డదైనా గేటుకు అంటించాలి. చెడ్డదైతే ముందు మోటారు ఆపాలి, మాటలు తరవాత. ఆ రోజు నా అంత్యక్రియలున్నా సరే.

6. నా చేతిగడియారం మేనకోడలికి. నువ్వు మంచంలో ఉన్నప్పుడు పళ్లు కొనుక్కుని వీధి మలుపుదాకా వచ్చి, మొహం చెల్లక వెనక్కి పోయానమ్మా.

7. వీలునామాలు మనిషి పోయాక చదువుతారు. నాలుగో అంశాన్ని అంతదాకా దాచడం పిరికితనం. ఈ సంతకం తడి ఆరగానే నకలు పట్టుకుని చెల్లెలింటికి వెళ్లి నేనే చదువుతాను. తలుపు తియ్యకపోతే గుమ్మం బయటే నిలబడి, ముప్పై రెండిళ్లకూ వినపడేలా చదువుతాను.

తేదీ: మూడో నెల, పద్నాలుగు, ఉదయం పదిన్నర

(సంతకం) బోరు తాతయ్య

సాక్షులు:
పైపులు మార్చిన ప్లంబరు
సీసా కడగనివ్వని ల్యాబు అమ్మాయి