చింతపండుతో తోమిన నాణెం

గురువారం, టార్నీట్

దీపపు కుందులు తోమే చేతికి రెండువేల ఏళ్ల నాణెం కూడా కుందిలాగే కనిపిస్తుంది కాబోలు. అత్తయ్యగారు నా కంచు నాణేన్ని చింతపండు వేసి తోమేశారు.

"రేపు శుక్రవారం కదా బాబూ, కుందులతో పాటు దాన్నీ తోమేశాను. ఎంత చిలుం పట్టిందో! ఇప్పుడు చూడండి, ఎలా మెరుస్తోందో."

ఆ చిలుమే దాని వయసు, దాని విలువ. ఆవిడకి చెప్పడం గోడకి చెప్పడమే. "నాశనం చేశారు," అన్నాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

"సీరియస్‌లీ? ఒక కాయిన్ కోసం అమ్మని అంత మాటంటావా?" అంది శ్రావణి. తల్లికి తగ్గ కూతురు.

గదిలోకి వచ్చి లెన్స్ పెట్టి చూశాను. ఒకవైపు ఆకుల దండతో రోమన్ చక్రవర్తి తల. అది ఎప్పుడూ కనిపించేదే. ఇన్నాళ్లూ చిలుము కప్పేసిన రెండోవైపు ఒక గుర్రం, దాని పొట్ట కింద బండి చక్రం. అంటే ఇది రోమ్ నాణెం కాదు. రోమ్ పొరుగున ఉండే ఏదో కెల్టిక్ తెగవాళ్లు చక్రవర్తి తలని కాపీ కొట్టి, వెనకవైపు తమ గుర్రాన్ని వేసుకున్నారు.

నాలుగేళ్లుగా మా నాణేల క్లబ్బులో దీన్ని రోమన్ నాణెమని చూపిస్తున్నాను. అనుమానపడ్డ వాళ్లని చూసి నవ్వాను కూడా. శనివారం నా ప్రసంగం దీనిమీదే. స్లైడ్లు మార్చేశాను. లెన్స్‌తో నేనే కనిపెట్టానని చెప్తాను.

భోజనాల దగ్గర అత్తయ్యగారు పప్పు వడ్డిస్తూ, నా మొహంలోకి చూడకుండా అడిగారు: "ఆ గుర్రం బొమ్మ మాత్రం పాడవలేదు కదా బాబూ?"

"ఏ గుర్రం?" అన్నాను.