సువార్త నిలబడ్డ ప్యాలెస్

జూలై 6, ఆదివారం

సువార్త ఫోటోలు పంపింది. బ్రాగా అట. పోర్చుగల్‌లో పాత ఊరు. ఇక్కడ కువైట్‌లో ఎండలు తగ్గేదాకా మామా వాళ్ళు, అంటే మా యజమానురాలి కుటుంబం, అక్కడ ఇల్లు తీసుకున్నారు. పిల్లాణ్ణి ఎత్తుకోడానికి మనిషి కావాలి గనక సువార్తని తీసుకెళ్ళారు. డ్రైవర్ని ఎవరు తీసుకెళ్తారు, దాని మొగుడైతే మాత్రం. నేను జాబ్రియాలో ఖాళీ విల్లాకి కాపలా.

ఒక ప్యాలెస్‌కి ముందు గోడంతా నీలం టైల్సే. ఒక్కో కిటికీ మా గేటంత. ప్రతి ఫోటోలోనూ ఏదో మూల పిల్లాడి బండి.

జూలై 8, మంగళవారం

మొక్కలకి నీళ్ళు. చిలకలకి గింజలు. రోజంతా మాట్లాడింది వాటితోనే.

జూలై 11, శుక్రవారం

అబ్బాసియాలో ఆరాధనకి ఒక్కణ్ణే వెళ్ళాను. "అమ్మాయి యూరప్ ఎల్లిందంట కదయ్యా. దేవుడి కృప," అన్నారు పాస్టరయ్యగారు. "ఆయ్," అన్నాను.

శుక్రవారం గుడికి వెళ్ళొచ్చే ఆ కాసేపే మా కాపురం. ఉండేది ఒకే కాంపౌండులో — తను పైన పిల్లల గదిలో, నేను గేటు పక్క గదిలో. నా గదికి తను రాకూడదని మామా మొదట్లోనే చెప్పేసింది. మేం పెళ్ళయినవాళ్ళం మామా, అన్నాను. తెలుసు, అంది.

జూలై 13, ఆదివారం

సువార్త ఫోన్. గొంతు బాగా తగ్గించి... అక్కడ చర్చిలో పాలకొల్లు అమ్మాయి ఒకత్తి కలిసిందట. హోటల్లో వంట చేస్తుందట. మామాని వదిలేసి అక్కడే ఉండిపోతే మెల్లిగా కాగితాలు చేయించుకోవచ్చంటోందట.

"పాస్‌పోర్టు మామా దగ్గరుంది కదే."

"దానికీ దారుందంట. ముందు కనుక్కోనీ. ఒక గది బావా. మనిద్దరికీ. తలుపేసుకునే గది."

తర్వాత నన్ను పిలిపించుకుంటుందట. మరి ఈలోపు నా సంగతి? పెళ్ళాం పారిపోతే మొగుణ్ణి ఊరికే వదులుతారా... ఆ మాట అనలేదు. కనుక్కో, అన్నాను.

జూలై 15, మంగళవారం

భయమే. నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, మామా చేతిలో. కేసు పెడితే పెడుతుంది. పెట్టనీ. పప్పుచారు కాచుకున్నాను, తినబుద్ధి కాలేదు. అయినా లోపల ఎక్కడో సంతోషంగా ఉంది.

జూలై 17, గురువారం

కొత్త ఫోటో. వెనక పెద్ద రాతి ప్యాలెస్, ముందు ఫౌంటెన్, దాని మీద రాతి పక్షి. సువార్త చుడీదార్‌లో, భుజాన సంచితో నవ్వుతోంది. కువైట్ వచ్చాక తను ఒక్కత్తే ఉన్న ఫోటో ఇదే. మాటేం రాయలేదు.

ఎంత బావుందో. వెంటనే స్టేటస్ పెట్టాను — 'మా ఆవిడ ప్యాలెస్ దగ్గర'. రాజోలు నుంచి బంధువులంతా పూల బొమ్మలు, దండాల బొమ్మలు. ఇంత గర్వం ఎప్పుడూ పడలేదు.

జూలై 18, శుక్రవారం

షాహీనా ఫోన్. రాయచోటి పిల్ల, రుమైథియాలో మా మామా చెల్లెలి ఇంట్లో పని.

"అన్నా, వదిన ఫోటో శానా బాగుండాదని మా మామాకు చూపిచ్చినా. బిడ్డ యాడ, అని అడిగింది. నాకేం తెలుస్తాదన్నా? అప్పుడే వాళ్ళక్కకు ఫోన్ చేసేసింది..."

ఏడుస్తోంది. దాని తప్పేముంది.

ఆ ఫోటోలో పిల్లాడి బండి లేదు. నేను మురిసిపోయిందే అందుకు.

సాయంత్రం సువార్త నుంచి వాయిస్. "స్టేటస్ తీసెయ్ బావా. పిల్లోణ్ణి పడుకోబెట్టి, మామాకి చెప్పకుండా ఎల్లాను. ఎనకున్నది మున్సిపల్ ఆఫీసు. మన కాగితాల గురించి అడగడానికే ఎల్లాను. అవుతాదన్నారు బావా, అవుతాదనే అన్నారు. మనకి గదిచ్చే ఓనరు సంతకం తెస్తే..." అక్కడికి ఆగిపోయింది.

తీసేశాను. ఇప్పుడు తీసేసి ఏం లాభం.

ప్యాలెస్ అనుకున్నాను. పెద్ద గుమ్మం, చెక్కిన రాళ్ళు... మా గది కోసం అడగడానికి వెళ్ళిన ఆఫీసది.

జూలై 19, శనివారం

ఫోన్ ఆఫ్. మెసేజ్ పెడితే ఒక్క టిక్కే.

జూలై 20, ఆదివారం

మామా ఫోన్ చేసింది. అరవలేదు. అరిచినా బావుండేది.

"నీకు తెలుసా?"

"లా... లేదు మామా. నాకేం తెలీదు."

"మంచిది."

పెట్టేసింది. సువార్తకి ఒకసారి ఇవ్వమని అడగలేకపోయాను. సిగ్గుగా ఉంది, ఇలాంటి మొగుణ్ణయినందుకు.

జూలై 22, మంగళవారం

ఒక్క టిక్కే.

జూలై 23, బుధవారం

నెట్‌లో ఆ ఊరి భవనాలన్నీ చూశాను. మున్సిపల్ ఆఫీసు లోపల మెట్లు, గోడలకి నీలం బొమ్మలు. దానికి ఎదురుగా బిషప్పుల పాత ప్యాలెస్, అందులో లైబ్రరీ. ఎన్ని గదులో. రాత్రయితే అన్నిటికీ తాళాలు, ఒక్కరూ పడుకోరు. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద? ఆ ఫోటో పెట్టిన నా వేలి మీద.

జూలై 25, శుక్రవారం

గుడికి వెళ్ళలేదు. అయ్యగారే ఫోన్ చేశారు. "అమ్మాయి కులాసాయేనా?" కులాసాయేనండి, అన్నాను.

జూలై 27, ఆదివారం

మామా ఫోన్. రేపే వచ్చేస్తున్నారట. "ఎయిర్‌పోర్టుకి చిన్న కారు తీసుకురా. అది చాలు."

వెళ్ళేటప్పుడు నలుగురూ, సువార్త, పెద్ద బండి. చిన్నదాంట్లో నేను కాక నలుగురే పడతారు. మామా, ఆవిడ మొగుడు బాబా, ఇద్దరు పిల్లలు. అంతే.

సువార్త రావట్లేదు.

పారిపోయిందా? అయితే రేపు ఎయిర్‌పోర్టులోనే నన్ను పోలీసులకి పట్టిస్తారు. పట్టించనీ. లేక ఇండియా విమానం ఎక్కించి ఖలాస్ అనిపించారా? అయితే ఈపాటికి రాజోలు నుంచి ఫోన్ రావాలి. రాలేదు... షాహీనాకి చేస్తే, "నన్నేం అడగొద్దన్నా" అని పెట్టేసింది.

ప్రార్థనకి మోకాళ్ళేశాను. పారిపోయి ఉండాలి ప్రభువా, అనబోయాను. అయితే మళ్ళీ ఎప్పటికి చూస్తాను? దొరికిపోయి ఉండాలి, అని ఎలా అంటాను? ఆమె పేరొక్కటే పలికి లేచాను.