నూనె రాయొచ్చో లేదో

ఆషాఢం, శనివారం రాత్రి. భద్రాచలం, ఆసుపత్రి వరండా.

నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. నా కూతురికి ఏడో నెలలోనే పుట్టిన పిల్ల చేతికి సూది కదలకుండా అంటించిన ప్లాస్టర్‌ను చిన్న డాక్టర్ ఈరోజు చర్రున లాగాడు. దానితోపాటు తోలూ ఊడి వచ్చింది.

“ఏంది సారూ, కోడి ఈక పీకినట్టు పీకినవ్! నూనె రాసి మెత్తగ తియ్యరాదా?” అని మీదికి పోయాను.

“ఇంత పచ్చి ఒంటికి నూనె రాయొచ్చో లేదో నాకు తెల్వదవ్వా. పెద్ద డాక్టర్ రేపొస్తడు.”

“తెల్వనప్పుడు చెయ్యెట్ల వేసినవ్?”

పిల్ల ముక్కులో గొట్టం కదలకుండా ఇంకో ప్లాస్టర్ ఉంది. పెద్ద డాక్టర్ వచ్చేదాకా దాన్ని ఎవరినీ ముట్టనివ్వను.

తోలు ఊడినా పిల్ల ఏడవలేదు. నోరు తెరిచింది, గొంతు రాలేదు. కెవ్వుమని ఉంటే నాకు కాస్త నిద్ర పట్టేదేమో.