దిష్టిబొమ్మకి కొత్త తాడు

బావా,

నువ్వు పరంజా మీంచి పడిపోయి నిన్నటికి ఏడాది. అక్క సంవత్సరీకం పెట్టించింది. నీకిష్టమని పనసపొట్టు కూర వండించింది.

ఈరోజు అమలాపురంలో బిల్డర్లంతా మీటింగ్ పెట్టారు. మన జిల్లాలో కట్టుబడి పనులకి ప్రభుత్వం ముందుగా ఏం చేయాలో అర్జీ ఇస్తారట. తాపీమేస్త్రుల తరఫున నన్ను రమ్మన్నారు. నువ్వుంటే నన్ను పంపేవాడివా? నువ్వే వెళ్లి గొంతు చించుకునేవాడివి.

ఇసుక గురించి మాట్లాడారు. సిమెంటు ధర, ప్లాన్ అనుమతులు అన్నారు. టీలు అయ్యాక నేను లేచాను.

"ఎత్తు మీద పనిచేసేవాళ్లకి నడుముకి బెల్టు, కింద వల ఉండాలండి. లేకపోతే పని ఆపించాలండి."

"ఆయ్, మంచి మాట చెప్పేరండి. చివర్లో చూద్దాం" అన్నారు మీటింగ్ నడిపే పెద్దాయన. చివర్లో అందరూ భోజనాలకి లేచారు.

మధ్యాహ్నం కొత్తపేటలో పనికి వచ్చాను. మూడో అంతస్తు మీద దిష్టిబొమ్మ గాలికి ఒరిగిపోయి ఉంది. ఇంటాయన ఒకటే కంగారు.

"అది కింద పడిందంటే అరిష్టమండీ మేస్త్రిగారూ! గట్టిగా కట్టండి" అంటూ తనే బజారుకి పరుగెత్తి కొత్త నైలాన్ తాడు తెచ్చిచ్చారు.

ఎక్కి కట్టాను బావా. దాని నడుము చుట్టూ తిప్పి, పిల్లరు చువ్వలకి ముడేసి, లాగి చూశాను. ఆ గడ్డిబొమ్మ ఇక పడదు.

తాడంతా దానికే సరిపోయింది. నేను పరంజా కర్రలు పట్టుకుని దిగాను.