చివరి భాగం చూడకుండా చెప్పిన సీరియల్

మా పిడుగుకి,

మీ పిన్ని నీ నెత్తిన చెయ్యి పెట్టి దీవించి, ఆ చేత్తోనే తన చెవి తాను మెలిపెట్టుకుంటూ రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను. ఒంటి వరకూ క్షేమమే, మిగతా సంగతి కింద వస్తుంది. నీ మోకాలు ఎలా ఉంది? క్లచ్ తొక్కి తొక్కి అరగ్గొట్టుకున్నావు. ఆపరేషన్ అయ్యేదాకా మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడట కదా. రెండో అంతస్తులో గది తీసుకున్న మనిషికి ఆ మాట చెప్పినవాడు నాకంటే పెద్ద వేళాకోళగాడు.

నీ ఉత్తరం అందింది. ఫోన్ ఎత్తడం మానేసి ఉత్తరం రాశావంటేనే నీ కోపం ఎంత బరువుందో తెలిసింది. అడిగినవాటన్నిటికీ జవాబు రాస్తాను. నాకు తేలికైనవి ముందు.

నా భుజం నొప్పి అలాగే ఉంది. లాండ్రీలో ఇస్త్రీ పెట్టె బరువు తగ్గదు, నా నోరు తగ్గదు, భుజం మాత్రం ఎందుకు తగ్గాలి? మాసిన బట్టలు తూచే కాటా తాత గురించి అడిగావు. ఆయన ఇప్పుడు కూడా సీరియల్ చూస్తూ తూస్తాడు, హీరోయిన్ ఏడిస్తే కళ్లు మసకేసి తూకం తప్పుతాడు. ఖాతాదార్లకి ఆ సంగతి తెలిసిపోయి, ఏడుపు సీన్ వచ్చే వేళకే మూటలు తెస్తున్నారు.

మీ డిపోలో లేడీ కండక్టర్లు గొడుగు సీరియల్ చూసేశారని, అలాంటిదే ఇంకోటి చెప్పమంటున్నారని రాశావు. అందులో వాళ్లకి ఏం నచ్చిందో ముందు అడుగు. అత్త చెంపదెబ్బ తినడం నచ్చిందా, చైనావాళ్ల పట్టుబట్టల సీరియల్ చూడమను, ఎపిసోడ్‌కి ఒకరు తప్పకుండా తింటారు. వాన నచ్చితే జపాన్‌వాళ్ల స్టేషన్ సీరియల్. అందులో ఇద్దరూ మనసులో మాట ఎప్పటికీ చెప్పుకోరు, రైళ్లు మాత్రం టైముకి వస్తాయి. హీరో కుర్రాడు నచ్చాడంటావా, కొరియావాళ్లది ఏది చూసినా ఫరవాలేదు, నా కళ్లకి అన్నింట్లోనూ అతనే ఉన్నట్టుంటాడు. ఇవన్నీ నేను చివరిదాకా చూసినవే. ఒట్టు. సీరియల్ చెప్పడానికి ఒట్టెందుకు పిన్నీ అని నవ్వుతావేమో, చదువుతూ పో.

మీ అమ్మ షాపులో బొత్తాలు కుట్టే మన బొత్తాల వదిన నాతో మాట్లాడుతోందా అని అడిగావు. మాట్లాడుతోంది, కానీ తిడుతూ మాట్లాడుతోంది. మనసు చల్లగా ఉండే ఇంటి కథ ఏదైనా చెప్పమని అడిగింది పాపం. ఒక వంటావిడ కథ ఉంది, హాయిగా ఉంటుంది అన్నాను. వంటావిడ ఉన్నమాట నిజమే. ఆవిడ వండిపెట్టేది దయ్యానికని చెప్పలేదు. వదిన ఇప్పటికీ బొత్తాల డబ్బా తేవడానికి వెనకగదిలోకి ఒక్కతే వెళ్లదు. ఆరోజు షాపులో అందరం పడిపడి నవ్వాం. దారం కొరుకుతూ మీ అమ్మ కూడా నవ్వింది. నువ్వు వెళ్లాక ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు. ఆ నవ్వు చూసే నాకు బుద్ధి గడ్డి తిన్నది.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. నీ అక్షరాలే దించి రాస్తున్నాను: "అమ్మ టికెట్ సీరియల్ మొత్తం చూసిందన్నావు. చివరి భాగం చూసి కూడా ఏమీ అనలేదా? అయితే ఇక నేను అడగను. ఆపరేషన్‌కి సంతకం పెట్టడానికి మా డిపో సూపర్‌వైజర్‌ని మాట్లాడుకున్నాను."

ఇది చదివి ఇస్త్రీ పెట్టె కింద పెట్టేశాను. పెట్టింది ఒక పెద్దమనిషి చొక్కా మీద. అది వేరే గొడవ.

మీ తల్లీకూతుళ్ల తంతు ఎలా నడుస్తోందో నాకంటే ఎవరికి బాగా తెలుసు? నువ్వు కుట్టు మిషన్ వదిలేసి బస్సు నడపడానికి పోతున్నట్టు మీ అమ్మకి ఎవరో ఖాతాదారు చెబితే తెలిసింది. అప్పటినించీ అది పిలిస్తే చూద్దామని ఆవిడ, ఆవిడ మాట్లాడితే చూద్దామని నువ్వు. మధ్యలో నేను, నా ఫోను. నువ్వు అమ్మకి గొడుగు సీరియల్ చెప్పమన్నావు, చెప్పాను. చూసి మీ అమ్మ, దానికి వానలో తడిసే డ్యూటీ పడుతోందేమో కనుక్కో అంది. తర్వాత తను నీకు హోటల్ సీరియల్ చెప్పమంది. అందులో పిల్ల వేళకి తిండి తినదు. అది చూసిన మర్నాడే నువ్వు నాకు ఫోన్ చేసి, తింటున్నానని చెప్పు పిన్నీ అన్నావు. ఇది నచ్చితే అది చూడు, అది నచ్చితే ఇది చూడు అని జనం చెప్పుకునేది కాలక్షేపానికి. మీరిద్దరూ దాంతోనే తిట్టుకున్నారు, దాంతోనే క్షేమం అడిగారు. మీరు చూడమన్న ప్రతి సీరియల్‌లోనూ మీ మాట ఒకటి ఉంటుందని నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను.

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక నువ్వు ఏం చెప్పావు? అమ్మని రమ్మని అనకు పిన్నీ, టికెట్ సీరియల్ చూడమను చాలు అన్నావు. పడవల రేవులో టికెట్లు ఇచ్చే ఆవిడ, తనతో మాటల్లేని కూతురికి జబ్బని విని, ఎవరూ పిలవకుండానే పడవ ఎక్కేస్తుంది. ఆ కథ నాకు తెలుసు, నీ ఉద్దేశమూ తెలుసు. కానీ ఆ వారమే నేను పియానో సీరియల్ అని ఒకటి మొదలుపెట్టాను. అందులో తల్లి దర్జీ. మెళ్లో టేపు, నోట్లో గుండుసూదులు, ఎవరొచ్చినా కసురు. అచ్చం మీ అమ్మే, కళ్లజోడు జారిపోవడంతో సహా. అది చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. మీ అమ్మ దీన్ని చూస్తే ఎలా ఉంటుంది అనుకున్నాను. రెండు ఎపిసోడ్లు చూసి, ఇదేమిటే నన్ను పెట్టి తీశారు అని నా మీదికి కత్తెర విసురుతుంది, అప్పుడు అసలుది చెబుదాం అనుకున్నాను. అంతే తల్లీ. అంతకుమించి నా మనసులో ఏమీ లేదు. నీ కూతురు పియానో సీరియల్ చూడమంది అని చెప్పాను.

ఆవిడ కత్తెర విసరలేదు.

నువ్వు పంపావనుకున్నది ఆవిడ ఎలా చూస్తుందో నేనెప్పుడూ పక్కన కూర్చుని చూడలేదు. ఈసారి చూశాను. మిషన్ ఆపేస్తుంది. కళ్లజోడు తుడుచుకుంటుంది. అర్థం కాని చోట వెనక్కి జరిపి మళ్లీ చూస్తుంది. బొత్తాల వదిన మధ్యలో ఏదో అడగబోతే వేలు చూపించి నోరు మూయించింది. మెళ్లో టేపు వేసుకున్న ఆ తల్లిని చూసి ఒక్కసారి కూడా నవ్వలేదు.

దాని చివర ఏముంటుందో అప్పటికి నాకు తెలియదు. నాలుగో ఎపిసోడ్ దగ్గర ఆపేశాను, నేను ఏదీ ఒక పట్టాన పూర్తిచేసే రకం కాదని నీకు తెలుసు. మీ అమ్మ పూర్తిచేసిన రోజు, ముఖం చూసి భయం వేసి, నేను కూడా కూర్చుని చూశాను. ఆ తల్లి ఎదురుగా కూర్చుంటే కూతురి వేళ్లు వణుకుతాయి, వాయించలేదు. పెద్ద కచేరీ నాడు తల్లి మంచి బట్టలు కట్టుకుని బయల్దేరుతుంది, సగం దారిలో బస్‌స్టాపులో కూర్చుండిపోతుంది. లోపలికి వెళ్లదు. కూతురు అద్భుతంగా వాయించి, అమ్మ రాకపోబట్టే ఇవాళ నా చేతులు కుదురుగా ఉన్నాయి అని స్నేహితురాలితో చెబుతుంది.

నీ ఆపరేషన్ తేదీ నా నోట విని, ఆ రోజు కోసం మీ అమ్మ అప్పటికే బస్సుకి సీటు రాయించుకుంది. ఆ సంగతి నీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నువ్వు ఒక్క మాట అంటే బయల్దేరదామని సంచి కూడా సర్దుకుంది. పియానో సీరియల్ అయిపోయిన మర్నాడు వెళ్లి సీటు రద్దు చేయించుకుని వచ్చింది. వచ్చి, మిషన్ మీద గుడ్డ కప్పుతూ నాతో అన్నది ఇది:

"నా కూతురు తెలివైందే. రావద్దని ఎంత నొప్పించకుండా చెప్పిందో చూడు."

అప్పుడు చెప్పి ఉండవలసింది. నోరు తెరిచాను కూడా. అంతలో ఆవిడ నా భుజం మీద, ఆ నొప్పి ఉన్న భుజం మీదే, చెయ్యి వేసి, "నువ్వు లోకాన్నంతా ఆటపట్టిస్తావు గానీ, మా ఇద్దరి మాటలు మాత్రం పొల్లు పోకుండా మోశావే" అంది. మీ అమ్మ నన్ను మెచ్చుకోవడం నా బతుకులో అదే మొదలు. ఏం చేశానంటావు? తలూపాను. మెచ్చుకోలు దక్కించుకోవడానికి నీ అమ్మని నీకు లేకుండా చేశాను. ఆ తర్వాత నువ్వు ఫోన్‌లో, చూసిందా అంటే చూసిందన్నాను, ఏమంది అంటే బాగుందంది అన్నాను. తన పాటికి తను కూతురు వద్దందని ఏడుస్తోంది, నీ పాటికి నువ్వు తల్లి రానందని ఏడుస్తున్నావు. ఇద్దరికీ కలిపి నేనొక్కతెనే ఉన్నాను, నవ్వించడానికి పుట్టినదాన్ని.

నువ్వు డిపో సూపర్‌వైజర్ సంతకం అని రాసిన ఉత్తరం జాకెట్లో పెట్టుకుని ఇవాళ పొద్దున షాపుకి వెళ్లాను. మీ అమ్మ ఎవరిదో ప్యాంటు నడుము కుట్టు విప్పుతోంది. అంతా చెప్పాను. బొత్తాల వదిన ముందే చెప్పాను, ఒంటరిగా చెబితే మళ్లీ మాట మారుస్తానని నామీద నాకే నమ్మకం లేక. మీ అమ్మ కుట్టు విప్పడం ఆపలేదు.

"మళ్లీ చెప్పు" అంది.

మళ్లీ చెప్పాను.

"అది నన్ను రావద్దనలేదా?"

"లేదక్కా. రమ్మంది."

"ఎవరు చెబుతున్నారు?"

"నేనే."

"అదీ సంగతి" అంది. "పియానో సీరియల్ నా కూతురు పంపిందన్నదీ నువ్వే. ఇప్పుడు కాదన్నదీ నువ్వే. రేపు నేను అక్కడికి వెళ్లి నిలబడితే అది మొహం చిట్లిస్తే, అప్పుడేం కథ చెబుతావు?"

నీ ఉత్తరం తీసి ముందు పెట్టాను. ముట్టుకోలేదు. అది నీకు రాసిన ఉత్తరం నేను చదవను అంది. నేను లెంపలు వేసుకున్నాను. నాటకం కట్టిపెట్టమంది. నిజంగా వేసుకున్నా నాటకమే అయింది చూడు, నా బతుకు అలా తగలడింది. కాటా తాత వచ్చి, అమ్మాయీ వెళ్లవే అని బతిమాలాడు. బొత్తాల వదిన నన్ను తిట్టడం కూడా మర్చిపోయి ఏడ్చింది. మీ అమ్మ కుట్టంతా విప్పి, దారపు ముక్కలు ఏరి పారేసి, అప్పుడు అన్నది:

"నోటితో కాదు. కాగితం మీద రాయి. చేసిందంతా రాయి, నీ గొప్పలు కలపకుండా. నేనే తీసుకెళ్లి దాని గదిలోకి తలుపు కింద నుంచి తోస్తాను. అది మొత్తం చదవాలి. చదివాక నేను కావాలనుకుంటే తలుపు తీస్తుంది. మోకాలి నొప్పితో గుమ్మంలో నన్ను చూసి జాలిపడి తీయడం కాదు, తెలిసి తీయాలి. తీయకపోతే అదే బస్సులో తిరిగొచ్చేస్తాను, నిన్ను కూడా ఏమీ అనను."

ఏమీ అనను అన్నదే, ఆ మాట వినగానే కలం అందుకున్నాను.

అందుకే పిడుగా, ఈ కవరు మీద స్టాంపు లేదు. క్షేమసమాచారాలు, కాటా తాత కబుర్లు, కండక్టర్లకి సీరియళ్లు, ఇవన్నీ ముందు పెట్టినందుకు తిట్టుకోకు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తెలిసిన చోట మొదలుపెట్టాను. మీ అమ్మ బయట ఉందని మొదటి లైనులోనే రాసి ఉంటే ఈ కాగితం అవతల పారేసి లేచేదానివి, ఆవిడ పెట్టిన షరతు పోయేది. ఆవిడ ఇప్పుడు నా ఎదురుగా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏం రాస్తున్నానో తొంగి కూడా చూడడం లేదు. బస్సుకి వేళవుతోందని మాత్రం రెండుసార్లు అంది. నిన్ను చూడాలని ఉందని అనదు, నీకు తెలుసుగా మీ అమ్మ.

నువ్వు నన్ను క్షమించనక్కర్లేదు. ఆపరేషన్ అయ్యాక, కాలు కదిపే ఓపిక వచ్చాక, ఫోన్ చేసి తీరిగ్గా తిట్టు, వింటాను, మధ్యలో ఒక్క జోకు వెయ్యను. నేను ఇన్నేళ్లూ చెప్పిన వాటిలో ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో నీకు తెలియదు, నాకూ తెలియదు. ఇది మాత్రం నా మాట మీద నమ్మక్కర్లేదు. నువ్వు ఈ కాగితం చదువుతున్నంతసేపూ మీ అమ్మ మీ మెట్ల మీద కూర్చుని ఉంది. తలుపు కొట్టదు, దగ్గదు. మోకాలు జాగ్రత్త, గోడ పట్టుకుని నెమ్మదిగా లే తల్లీ, ఆవిడ ఎక్కడికీ పోదు. లేచి తలుపు తియ్యి.

ఇట్లు,
మీ అమ్మ ఎదుట తల దించుకుని,
మీ పిన్ని